గాసి కొట్టిన దెబ్బ

గుమ్మలవలస సంతలో సోములమ్మ నోటికి జడవని షావుకారు లేడు. అల్లం, పసుపు, మిరియాలు తెచ్చి అమ్ముకునే మనిషి. కింద మైదానం నుంచి వచ్చిన వ్యాపారి తక్కెడ మీద చిటికెన వేలు ఆన్చాడంటే చాలు, ఆ వేలు పట్టుకుని అతని తాతముత్తాతల దాకా వెళ్లి వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతారు. అయితే ఆ నోటికి రోజూ దొరికే మేత వ్యాపారులు కారు, కట్టుకున్న మొగుడు. ఆయన పేరు గాసి.

గాసి చెడ్డవాడేం కాదు. కొండవాలులో కాఫీ తోట ఉంది, చెట్లకు మిరియాల పాదులు పాకించాడు, పై మెట్టులో సామలు చల్లుతాడు. తాగితే నిద్రపోతాడు గానీ ఎవరితోనూ గొడవపడడు. ఒక్కటే లోటు. వేటకు వెళ్లి ఏనాడూ ఏ ప్రాణినీ కొట్టలేదు. జాలిపడి వదిలేశాడనుకునేరు. పాపం, తగల్లేదంతే.

మైదానంలో ఇదొక లోటా అంటారు. కొండ మీద అలా కుదరదు. చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగాళ్లంతా వేటకు వెళ్లాలి. ఇప్పుడు అడవిలో వేటాడ్డానికి ఏముంది కనక? ఫారెస్టు వాళ్లు ఒప్పుకోరు, నాటు తుపాకులు చాలావరకు ఏనాడో స్టేషన్లకు చేరిపోయాయి, ఊరికొకటి ఎక్కడో చూరులో మిగిలితే గొప్ప. అయినా పండగ పండగే. వెళ్లాలి, ఒక కుందేలునైనా భుజాన వేసుకుని దిగాలి. వట్టి చేతులతో దిగిన మగాడి కోసం ఊరి మొదట్లో ఆడవాళ్లు పేడనీళ్ల కుండలు పట్టుకుని కాచుకుని ఉంటారు. నెత్తిన కుమ్మరించి, నోటికొచ్చిందల్లా అని, అప్పుడు గానీ ఊళ్లోకి రానివ్వరు. ఊళ్లో ప్రతి మగాడూ ఎప్పుడో ఒకప్పుడు తడిసినవాడే. గాసి మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచి ఏటా తడిశాడు. ఆ కుమ్మరించేది ఎవరనుకున్నారు? వేరేవాళ్లను ఆ కుండ ముట్టుకోనిస్తే కదా సోములమ్మ.

ఈ ఏడు మరీ రెచ్చిపోయింది. "అడవిపంది ఎదురుగా నిలబడి, నన్ను కొట్టు మావా అని బతిమాలిందట. ఈయన పక్కనున్న పనస సెట్టుని కొట్టేడట. వచ్చే ఏడు నువ్వు ఇంటికాడుండి కుండ పట్టు, నేను కొండెక్కుతాను" అంది. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. గాసి కూడా నవ్వినట్టే ముఖం పెట్టాడు. ఆ రాత్రి జావ ముట్టకుండా పడుకున్నాడు. కడుపు బాగాలేదు కాబోలు అనుకుని ఆవిడ హాయిగా నిద్రపోయింది.

మర్నాడు సంత. గాసి అల్లం బస్తా మోసుకొచ్చి పెళ్లాం పక్కన దించాడు.

ఆ రోజు సంతకు లక్ష్మీప్రసాద్ గారు కూడా వేంచేశారు. ఘాట్ రోడ్డు మీద రిసార్టు ఆయనదే. నాయకుడు. ఏ పార్టీ అని అడక్కండి, అది ఋతువును బట్టి ఉంటుంది. ఎండాకాలం కదా, గిరిజనుల దాహం తీర్చాలని ఆయనకు బుద్ధి పుట్టింది. కొండ ఊటనీళ్లు తాగి పెరిగినవాళ్లకు నాలుగు కుండలు, రెండు గ్లాసులు పెట్టి చలివేంద్రం తెరిచారు. దానికి తాటిచెట్టంత ఫ్లెక్సీ. అందులో ఆయన చేతులు జోడించి నవ్వుతున్నారు. చలివేంద్రం కన్నా ఆ నవ్వే పెద్దది.

ఆయన వెంట గన్‌మన్ ధర్మతేజ. తనకు ప్రాణహాని ఉందని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి సంపాదించుకున్న గన్‌మన్. ప్రాణహాని ఎవరి వల్లనో ఆయనకూ తెలియదు, గన్‌మన్‌కూ తెలియదు. నల్లకళ్లద్దాలు, బిగుతు చొక్కా. అరకు చూడ్డానికి వచ్చిన కుర్రాళ్లు కొందరు అతన్ని చూసి ముచ్చటపడి, అన్నా ఒక సెల్ఫీ అన్నారు. ధర్మతేజ పొంగిపోయి పిస్తోలు తీసి, సినిమా హీరోలా చెయ్యి చాచి నిలబడ్డాడు. కుర్రాళ్లు ఇంకొంచెం పైకన్నా అన్నారు. ఎత్తాడు. పిస్తోలు పేలిపోయింది.

గుండు వెళ్లి ఫ్లెక్సీలో నవ్వుతున్న లక్ష్మీప్రసాద్ గారి నుదుటి మధ్యన బొట్టు పెట్టినట్టు దిగింది.

ధర్మతేజ ఒక్క క్షణం తన చేతిని తానే ఎగాదిగా చూసుకున్నాడు. తర్వాత పిస్తోలు జేబులో కుక్కేసి, "ఫైరింగ్, ఫైరింగ్" అని అరుస్తూ అందరికన్నా ముందు తనే పరిగెత్తాడు.

ఇక చూడండి తమాషా. మొన్నీమధ్యే ఈ సంతలోనే జనానికి ఒక శిక్షణ జరిగింది. నలుగురున్న చోట తుపాకీ పేలితే ఏం చెయ్యాలి? పరిగెత్తు, దాక్కో, ఫోను చెయ్యి. చెప్పినవాళ్లు గొంతు చించుకుని చెప్పారు, విన్నవాళ్లకు అరటిపండు, మజ్జిగ ప్యాకెట్టు ఇచ్చారు. మైదానం వ్యాపారులు ఆ శిక్షణను తు.చ. తప్పకుండా పాటించారు. బట్టల కొట్టువాడు బెల్లం బుట్టల్లో పడ్డాడు. బెల్లంవాడు గాజుల మీద పడ్డాడు. సెల్ఫీ కుర్రాళ్లు కారెక్కి ఘాట్ రోడ్డు దిగేదాకా వెనక్కి చూడలేదు. లక్ష్మీప్రసాద్ గారు చలివేంద్రం బల్లకింద దూరి కుండ కౌగిలించుకున్నారు. బందోబస్తుకొచ్చిన ఎస్సై వరహాలరావు మరీ క్రమశిక్షణ గల మనిషి. మూడు పనులూ వరసగా చేశాడు. పరిగెత్తాడు, ఎండుచేపల పట్టాకింద దాక్కున్నాడు, అక్కణ్ణుంచి తన స్టేషన్‌కే ఫోను చేసి పోలీసుల్ని పంపమన్నాడు.

కొండవాళ్లు మాత్రం ఉన్నవాళ్లు ఉన్నచోటే కూర్చున్నారు.

ఇది ధైర్యమూ కాదు, మొద్దుతనమూ కాదు. వేటలో కట్టుబాటు. అడవిలో తుపాకీ పేలిందంటే ఎవరున్నచోట వాళ్లు కూర్చోవాలి. లేచి కదిలితే పొదలో జంతువనుకుని రెండో గుండు నీకే తగులుతుంది. కాసేపటికి వేట పెద్ద "దెబ్బెవరిది?" అని కేకేస్తాడు. కొట్టినవాడు "నాదే" అంటాడు. అప్పుడు అందరూ లేస్తారు. ఆ "నాదే" అన్నవాడికి తొడ మాంసం, డప్పులు, ఊరేగింపు. చంటిపిల్లప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. అందుకే సంత సంతంతా పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, తక్కెళ్లు పట్టుకుని నిశ్శబ్దంగా కూర్చుంది. కూర్చున్నవాళ్లకు అంతా కనిపించింది, ధర్మతేజ చెయ్యి, పొగ, పరుగు. పరిగెత్తినవాళ్లకు ముందువాడి వీపు తప్ప ఏం కనిపిస్తుంది?

కూర్చున్నారు సరే, లేవమని కేక వేసేదెవరు? ఎవరూ వెయ్యలేదు. ఎండ మాడుతోంది. వాళ్లు లేవలేదు.

చివరికి ఎస్సై వరహాలరావు పట్టా ఎత్తుకుని బయటికొచ్చాడు. టోపీ మీద రెండు ఎండు మెత్తళ్లు అతుక్కుని ఉన్నాయి. ఎదురుగా వందలమంది కూర్చుని తననే చూస్తున్నారు. ఎస్సైకి అనుమానం వచ్చింది. ప్రాణభయంతో తానే పట్టాకింద దూరితే వీళ్లు ఇంత తాపీగా కూర్చున్నారంటే, ముందే తెలిసుండాలి. సిగ్గు కోపంగా మారడానికి ఎంతసేపు.

"ఎవడ్రా కాల్చింది?" అని గట్టిగా అరిచాడు.

వాళ్లు ఇంతసేపూ ఎదురుచూసిన ప్రశ్న అదే. అందరి కళ్లూ పారిపోయిన ధర్మతేజ కోసం వెతికాయి. చలివేంద్రం వెనక నక్కిన ధర్మతేజ నోరు మెదపలేదు. ఫ్లెక్సీ మీద అంత చక్కటి దెబ్బ, నుదుటికి నట్టనడుమ, నాదే అనే దిక్కులేకుండా పడి ఉంది.

"నాదే," అన్నారెవరో.

సోములమ్మ ఆ గొంతు ఎవరిదా అని పక్కకు తిరిగింది. పక్కన గాసి లేచి నిలబడి ఉన్నాడు.

దెబ్బ ఎవరిదో తేలిపోయింది కాబట్టి సంతంతా ఊపిరి పీల్చుకుని ఒక్కసారిగా లేచింది. మళ్లీ బేరాలు మొదలయ్యాయి. ఎస్సై కళ్లు మెరిశాయి. వీడు లేవగానే అందరూ లేచారు. అంటే వీడే నాయకుడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి గాసి రెక్కలు పట్టుకున్నారు.

సోములమ్మ అడ్డం వెళ్లింది. "ఈయన కాదు సారూ. ఆ నల్లద్దాల బాబు సేతిలోంచి పేలింది. అందరం సూసేం" అంది.

"అందరూ చూశారా? తుపాకీ పేలితే ఎవడైనా పారిపోతాడు గానీ కూర్చుని చూస్తాడా? పరిగెత్తనివాళ్ల సాక్ష్యం నాకక్కర్లేదు" అన్నాడు ఎస్సై.

"మా ఆయన కాడ తుపాకీ ఏదండీ మరి?"

"దాని సంగతి మేం చూసుకుంటాం. దొరుకుతుంది."

ఆ "దొరుకుతుంది" అన్న మాట వినగానే ఆవిడకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. పైఊరి మంగ్లును ఇలాగే ఒక మాట అడిగి పంపేస్తామని జీపెక్కించారు. వాడు తిరిగొచ్చేసరికి తల్లి లేదు, తోట లేదు, పెళ్లాం ఇంకొకడితో కాపురం చేస్తోంది. ఇప్పుడు గాసి ఆ జీపెక్కాడా, మళ్లీ కాఫీ పూత ఎప్పుడు చూస్తాడో ఆ జాకరమ్మ తల్లికే తెలియాలి. ఎలాగైనా ఎక్కనివ్వకూడదు.

ఈలోగా లక్ష్మీప్రసాద్ గారు కుండ వదిలి బయటికొచ్చారు. ఫ్లెక్సీలో తన నుదుటి మీది చిల్లు చూసి ముందు బిక్కచచ్చిపోయారు. తర్వాత మెల్లగా ఆయన ముఖం వికసించింది. ఇన్నాళ్లూ కాగితం మీదే ఉన్న ప్రాణహాని ఇవాళ కళ్లెదుట కనిపిస్తోంది. ప్రారంభోత్సవానికి వచ్చిన టీవీ విలేకరి జయశ్రీ మైకు పెట్టింది. "నుదుటి మధ్యలో కొట్టాడమ్మా. ఇది మామూలు మనిషి పని కాదు. వీడు షార్ప్ షూటర్. నేనంటే ఎంత భయం లేకపోతే ఇలాంటివాణ్ణి దించుతారు?" అన్నారాయన, దించినవాళ్ల పట్ల కొంచెం కృతజ్ఞతగానే.

"షార్ప్ షూటరంటే ఏటి బాబూ?" అని గాసి పక్కనున్న కానిస్టేబుల్‌ను అడిగాడు.

"గురి తప్పనోడు."

గాసి ఛాతీ కాస్త పైకి లేచింది. మెడ తిప్పి పెళ్లాం వైపు చూశాడు. విన్నావా అన్నట్టుంది ఆ చూపు. చేతికి బేడీలు పడబోతున్న మనిషికి ముఖం అలా వెలగడం చూసి ఆవిడకు మతిపోయింది. ఎండదెబ్బ తగిలిందా, దెయ్యం పట్టిందా అనుకుంది.

సోములమ్మ దగ్గర పలుకుబడి లేదు, లాయరు లేడు. ఉన్నదొక్క నోరే. ఆ నోరేసుకునే మైకు ముందుకు దూకింది.

"గురి తప్పనోడా? ఎవరండీ, ఈయనా? ఇంట్లో కోడిని పట్టమంటే పక్కింటోళ్ల మేకని పట్టుకొచ్చిన మనిషండీ ఈయన. ఏటేటా కొండెక్కుతాడు, దిగుతాడు. ఏ పిట్టా సావలేదు. కుందేళ్లు ఈయనొత్తన్నాడంటే పిల్లల్ని తీసుకొచ్చి సూపిత్తాయండీ. ఓ ఏడు తుపాకీ తిరగేసి పట్టుకున్నాడు."

సంతంతా గొల్లుమంది. జయశ్రీ నవ్వాపుకోలేక మైకు కిందికి దించింది. కానిస్టేబుల్ కూడా మీసం చాటున నవ్వాడు. ఎస్సై ముఖం మాడ్చుకున్నాడు.

గాసి ముఖంలో వెలుగు ఆరిపోయింది. "నోరుముయ్యే. దెబ్బ నాదే. నేనే కొట్టేను. రాసుకోండి బాబూ" అన్నాడు గట్టిగా.

"తుపాకీ ఏదని అడిగితే ఏటి సెప్తావు?"

"దాచేను. సూపిత్తాను."

ఆవిడ ఇంకా రెచ్చిపోయింది. గాసి పనస చెట్టును కొట్టిన సంగతి, సొంత గొడుగును కొట్టిన సంగతి, ఉడతను చూసి చెట్టెక్కిన సంగతి, ఉన్నవీ లేనివీ కలిపి దంచేసింది. ఆవిడ ఒకటి చెప్తే గాసి ఇంకొకటి ఒప్పుకున్నాడు. జనం నవ్వు పెరిగినకొద్దీ ఆయన నేరం పెరిగింది. కాసేపటికి ఆ వెనకటేడు ఎక్కడో జరిగిన కాల్పులు కూడా తనవే అనేలా ఉన్నాడు. ఈ మనిషి పంతమేమిటో సోములమ్మకు అంతుపట్టలేదు. ఒళ్లు మండి, సంత చివర బుడగలు కొట్టే బడ్డీ చూపించింది.

"అదిగో, ఆ బుడగల్లో ఒక్కటి కొట్టమనండి. ఒక్కటి కొట్టేడంటే జీపులో ఆయనతో పాటు నన్నూ ఎక్కించండి."

ఎస్సై తటపటాయించాడు. జయశ్రీకి ఇంతకన్నా మంచి దృశ్యం ఏం దొరుకుతుంది, కెమెరా అటు తిప్పించేసింది. లక్ష్మీప్రసాద్ గారు చెయ్యి ఊపారు. "కొట్టనివ్వండి. ఎంత ప్రమాదకరమైన మనిషి నా మీదికొచ్చాడో రాష్ట్రమంతా చూడాలి."

సరే, అంతా బడ్డీ దగ్గరికి నడిచారు. చెక్క మీద రంగురంగుల బుడగలు వరసలుగా ఉన్నాయి. ఐదేళ్ల పిల్లలు కూడా రెండుమూడు పేల్చి పోతారు, అంత దగ్గర. బడ్డీవాడు ఎయిర్ గన్‌లో గుండు పెట్టి గాసికిచ్చాడు. ఎస్సై మాత్రం ముందుజాగ్రత్తగా కానిస్టేబుళ్ల వెనక నిలబడ్డాడు.

సోములమ్మ నడుం మీద చేతులేసుకుని ధీమాగా నిలబడింది. ఆ ధీమా ఎంతోసేపు లేదు. గాసి ఎప్పుడూ లేనిది కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు. తుపాకీ మడమ చెంపకు ఆన్చి, ఎడమ కన్ను మూసి, ఊపిరి బిగబట్టాడు. ఇంత నిదానంగా ఆయన ఏ పనీ చేయగా ఆవిడ చూడలేదు. ఒకవేళ తగిలితే? "జాకరమ్మ తల్లీ, ఇన్నేళ్లు తప్పించేవు. ఈ ఒక్క పూటా తప్పించు. కోడిపుంజునిత్తాను" అని లోపల్లోపల మొక్కుకుంది.

మొదటి గుండు చెక్కకు తగిలింది. రెండోది పందిరి రాటకు. గాసి తుపాకీ దించి, చెమట తుడుచుకుని, మళ్లీ ఎత్తాడు. మూడోది ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. నాలుగోది బడ్డీవాడి టీ గ్లాసు పగలగొట్టింది. జనం పడీపడీ నవ్వుతున్నారు. గాసి ఒక్కడే నవ్వడం లేదు. పెదవి కొరుక్కుని, చెయ్యి వణకకుండా మోచేయి డొక్కకు అదుముకుని, గుండు మీద గుండు కొడుతూనే ఉన్నాడు. గుళ్లయిపోయాయి. బుడగలు అన్నీ అలాగే గాలికి ఊగుతున్నాయి.

లక్ష్మీప్రసాద్ గారి ముఖం నల్లబడిపోయింది. ఎస్సైని పక్కకు లాగి, "ఈ చవట నన్ను కాల్చాడని చెప్తే నా పరువేం కాను? రేపు నా ప్రాణహాని ఎవడు నమ్ముతాడు? పంపించెయ్ వీణ్ణి" అన్నారు పళ్లు నూరుతూ. నిర్దోషి అని కాదు సుమండీ. ఆయన స్థాయికి తగిన హంతకుడు కాదని.

సాయంత్రానికల్లా సంతలో పేలింది టపాసు అని తేలిపోయింది. ఫ్లెక్సీ విప్పేశారు. లక్ష్మీప్రసాద్ గారికి భద్రత చాలదని మరో గన్‌మన్‌ను ఇచ్చారట. కొత్తవాడికి పని నేర్పే బాధ్యత ధర్మతేజకే అప్పగించారు.

మొగుడూపెళ్లాలు కొండదారి పట్టారు. సోములమ్మకు ఆకాశం అందినంత సంబరంగా ఉంది. ఖాళీ బస్తా చంకలో పెట్టుకుని వెనకాల వస్తూ వాగుతూనే ఉంది. ఎస్సై టోపీ మీద చేపలు, కుండ కౌగిలించుకున్న నాయకుడు, పగిలిన టీ గ్లాసు. గాసి ముందు నడుస్తున్నాడు. వంపు తిరిగాక ఆవిడకే ఏదో తట్టి, నడక ఆపింది. ఎన్నాళ్లకో మొగుడు ముద్దొచ్చాడు.

"మావా, నాకిప్పుడు తెలిసింది. నువ్వు కావాలనే తప్పించేవు గదా. ఎంత నాటకమాడేవు. అంత బుద్ధి నీకుందని నాకు తెల్దు."

గాసి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"లేదే," అన్నాడు. "అన్నీ కొట్టాలనే సూసేను."

"కొడితే జైలు గదా."

"తెలుసు. పోతే పోతాను. నీ ముందర ఒక్కటైనా కొట్టాలనుకున్నాను."

అని మళ్లీ నడక సాగించాడు. ఆవిడ చంకలో బస్తా జారి కింద పడింది. ఇన్నేళ్లూ తను అందరినీ నవ్విస్తున్నాననుకుంది. నిజమే, అందరూ నవ్వారు, ఈయన ఒక్కడు తప్ప. ఆ సంగతి ఒక్కనాడైనా చూడలేదే అని సోములమ్మకు ఏడుపొచ్చింది. గాసి అప్పటికే పై మలుపు దాటిపోతున్నాడు.